రెండువందల నలభయ్యో పేజీ

ఆదివారం పుస్తకాల బృందంలో చేరిన పద్నాలుగు నెలల్లో పళ్ళక్క నోరు విప్పింది మూడే మూడుసార్లు. ఒకసారి ఫ్యాను కాస్త తగ్గించమని అడగడానికి. ఒకసారి ఎవరో గొడుగు మర్చిపోయారని చెప్పడానికి. మూడోసారి తుమ్మొచ్చి, "క్షమించండి" అనడానికి. అలాగని చదవదా అంటే, అందరికంటే ముందు పుస్తకం ముగించేది ఆవిడే. అభిప్రాయం అడిగితే మాత్రం బెల్లం కొట్టిన రాయిలా కూర్చునేది.

ఆవిడ పని పళ్ళ సెట్లు తయారుచేయడం. ఊళ్ళోని మూడు దంతవైద్యశాలల నుంచి నోటి అచ్చులు డబ్బాల్లో వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు మలిచి, పన్నుపక్కన పన్ను అమర్చి, నునుపు పట్టి తిరిగి పంపుతుంది. పదకొండేళ్ళుగా అదే గది, అదే బల్ల, అదే చిన్న మంట. అందుకే ఆ పేరు. కట్టుకున్నవాడు కూడా ఒక్కోసారి పొరపాటున "పళ్ళక్కా" అని పిలిచి నాలుక కరుచుకుంటాడు.

బృందం కూడేది కళ్ళద్దాల షాపులో. షాపు యజమాని అందరికీ బాబాయే. నెలకో ఆదివారం షట్టరు సగానికి దించేసి, కళ్ళు పరీక్షించే ఎత్తు కుర్చీని గది మధ్యకు లాగేవాడు. అభిప్రాయం చెప్పేవాళ్ళు ఆ కుర్చీ ఎక్కాలి, మిగిలినవాళ్ళు బల్లల మీద కూర్చుని వినాలి. వీళ్ళు చదివేవన్నీ లేని లోకాల నవలలే. మాయారాజ్యాలు, అంతరిక్ష నౌకలు, మాట్లాడే కొండలు. ఒకే ఒక్క కఠిన నియమం ఉంది. ఆదివారం దాకా ఆ పుస్తకం గురించి ఎవరూ ఎవరితోనూ ఒక్క మాట అనకూడదు.

ఆ నియమంతో అందరికంటే ఎక్కువ అవస్థ పడేది పళ్ళక్క తోడికోడలు. కొరియర్ ఆఫీసు కౌంటర్లో పనిచేసే ఆ పిల్లకి మాట కడుపులో నిలవదు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటగది. కూర తరుగుతూ తరుగుతూ "అక్కా, ఆ మూడో అధ్యాయంలో..." అని మొదలుపెట్టి, తన నోటిమీద తనే కొట్టుకునేది.

కిందటి నెల చదివింది నీడలు అమ్ముకునే రాజ్యం గురించిన మాయానవల. దానిమీద రెండు గంటలు వాదించుకున్నారు. సిటీ బస్సు నడిపే డ్రైవరు తమ్ముడికి ప్రయాణాలు నచ్చలేదు. "మూడొందల పేజీలు గుర్రాలమీద తిరిగారండీ! ఒక్కడైనా టీకి ఆగాడా? ఒక్కడికైనా నడుం పట్టేసిందా? రాసినాయన ఎప్పుడూ దూరం బండి నడపలేదు." తోడికోడలు లేచి, "ఆ రాణిగారికి అత్తా ఆడపడుచూ ఎవరూ లేరు, గమనించారా? అందుకే తెల్లారి లేస్తే యుద్ధాలు!" అంది. ఫిజిక్సు టీచరుగా పనిచేసి రిటైరైన టీచరమ్మ మాత్రం నీడకి బరువుంటుందన్న చోటే పెన్సిలుతో పెద్ద సున్నా చుట్టి తెచ్చింది. బాబాయి ఏ పుస్తకానికైనా ఏడుస్తాడు. ఆ పుస్తకానికీ ఏడ్చాడు. పళ్ళక్క అన్నీ విని, చిరునవ్వు నవ్వి, సంచీ తీసుకుని ఇంటికెళ్ళిపోయింది.

ఈ నెల నవల పేరు 'ఉప్పు చందమామ'. నేలంతా ఉప్పు గడ్డకట్టిన ఏదో ఒక దూరపు ఉపగ్రహం. గాలి లేదు, నీరు లేదు. అక్కడ ఇనుప గుడారం లాంటి గదిలో పదకొండు నెలలు ఒంటరిగా ఉండి యంత్రాలు చూసుకోవాల్సిన ఒక ఇంజినీరమ్మ. సూర్యుడు దిగిపోగానే రోజూ బయటినుంచి ఎవరో తలుపు కొడతారు. మూడుసార్లు. రేడియోలో అడిగితే, జవాబు రావడానికే నలభై నిమిషాలు. వచ్చిన జవాబు "అక్కడ ఎవరూ లేరు, పడుకో". తొమ్మిది రోజులు గడుస్తాయి. ఇంజినీరమ్మ రెండో కప్పు కూడా కడిగి పెట్టడం మొదలుపెడుతుంది.

ఆ ఆదివారం అందరూ వచ్చి ఇంకా చెప్పులు సరిగ్గా విడవకముందే, పళ్ళక్క నడిచి వెళ్ళి ఎత్తు కుర్చీ ఎక్కేసింది.

"ఇవాళ నేను మొదలుపెడతాను" అంది.

బాబాయి చేతిలో టీ ఫ్లాస్కు చేతిలోనే ఉండిపోయింది. తోడికోడలు, "అక్కా, ఒంట్లో బావుందా?" అంది.

"బావుంది. కూర్చోండి. నాకు ఆగట్లేదు."

నిజంగానే ఆగలేదు. చెంపలు ఎర్రబడ్డాయి. పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, ముందు కాస్త తడబడుతూ, ఆ తర్వాత గేటు ఎత్తిన కాలవలా మాట్లాడింది.

"నా దగ్గరికి అచ్చులొస్తాయి. మనుషులు రారు. అచ్చు చూస్తే ఆ మనిషి ఏ వైపు నములుతాడో తెలుస్తుంది. నిద్దట్లో పళ్ళు కొరుకుతాడో లేదో తెలుస్తుంది. పెన్సిలు కొరికే అలవాటుంటే తెలుస్తుంది. కానీ ఆ మొహం ఎలా ఉంటుందో పదకొండేళ్ళలో ఒక్కరిదీ చూడలేదు. నేను చేసిన పళ్ళతో ఎవరు నవ్వుతున్నారో నాకు తెలీదు. రోజూ అవతల ఎవరో ఉంటారు. అవతలే ఉంటారు. ఈ పుస్తకంలో ఆ తలుపు కొట్టే చప్పుడు మొదలైనప్పటినుంచీ నాకు ఒళ్ళు జలదరిస్తూనే ఉంది. ఇక చివరికొచ్చేసరికి... ఎంత గుండెధైర్యం ఉండాలండీ అలా ముగించడానికి! ఎవరో ఏమిటో రాసినావిడ చెప్పలేదు. మన చేతికి వదిలేసింది. నేను పుస్తకం మూసి, మైనం కరిగిపోతున్నా చూసుకోకుండా అలా కూర్చుండిపోయాను. ఇన్ని పుస్తకాలు చదివాం కదా, ఇలాంటి ముగింపు ఒక్కదానికీ లేదు. ఒక్కదానికీ!"

ఇరవై నిమిషాలు మాట్లాడింది. మధ్యలో ఎవరూ కదల్లేదు. బాబాయి అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నాడు. టీచరమ్మ మాత్రం కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చి అయోమయంగా చూస్తోంది.

డ్రైవరు తమ్ముడు చెయ్యెత్తాడు. "అక్కా, ఇరగదీశారు. కానీ నాకు ఒకటి అర్థం కాలేదు. చెప్పలేదంటారేంటి? మరి తలుపు తీశాక..."

"తలుపు తీయలేదు కదా తమ్ముడూ!"

డ్రైవరు తమ్ముడు ఎత్తిన చెయ్యి దించడం మర్చిపోయాడు.

"తీయలేదా?" అంది తోడికోడలు.

"ఏదీ, ఇదుగో. 'ఆమె గడియ మీద చెయ్యి వేసింది.' అయిపోయింది. అంతే కదా పుస్తకం?" అంది పళ్ళక్క, ఆఖరి పేజీ చూపిస్తూ.

టీచరమ్మ లేచి వచ్చి ఆ పుస్తకం అందుకుంది. చివరి పేజీ చూసింది. వెనక అట్ట చూసింది. అట్ట లోపల జిగురు మరకని వేలితో రుద్ది చూసింది. తన పుస్తకం తెచ్చి పక్కన పెట్టింది.

"అమ్మాయ్, నీది రెండువందల నలభై పేజీలే ఉంది. నాది రెండువందల యాభయ్యారు. ఆఖరి పదహారు పేజీల కట్ట ఊడిపోయింది. ఎవరో మళ్ళీ అట్ట అంటించి పాత పుస్తకాల కొట్లో ఇచ్చేసుంటారు."

మొదట నవ్వింది డ్రైవరు తమ్ముడు. పాపం, వెక్కిరించాలని కాదు. కానీ నవ్వు అతని బస్సు బ్రేకులాంటిది, ఒకసారి చప్పుడు మొదలైతే ఆగదు. దానికి తోడికోడలు నవ్వు కలిసింది. బాబాయి ఏడుస్తూనే నవ్వాడు. "మరి తలుపు తీశాక ఏమైందో తెలుసా అక్కా..." అని తోడికోడలు అనబోతే, పళ్ళక్క రెండు చెవులూ మూసుకుని, "చెప్పకండి!" అని అరిచింది.

నవ్వులు ఆగాయి.

ఆవిడ కుర్చీ దిగింది. పుస్తకం సంచీలో పెట్టుకుంది. మొహం మాడిపోయింది. "ప్లాస్టర్ ఆరిపోయుంటుంది, చూసుకోవాలి" అని ఎవరి వైపూ చూడకుండా, వంగి, సగం దించిన షట్టరు కిందనుంచి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున వంటగదిలో ఉప్పు డబ్బా పక్కన తోడికోడలి పుస్తకం ప్రత్యక్షమైంది. ఆఖరి పదహారు పేజీలు వేరుగా తెలిసేలా మధ్యలో ఒక చీటీ. పళ్ళక్క ఉప్పు తీసుకుంది కానీ పుస్తకం ముట్టుకోలేదు.

మంగళవారం ఆ పుస్తకం పాల గిన్నె పక్కకి మారింది. బుధవారం పళ్ళక్క టిఫిను క్యారియరు మీదికెక్కింది.

"అక్కా, ఒక్క పదహారు పేజీలు. బాత్రూంలో నీళ్ళు కాగేలోపు అయిపోతుంది."

"నాకు చదవాలని లేదే."

"నామీద కోపమా? నవ్వినందుకు?"

"నీమీద ఎందుకు? నామీద నాకే." పళ్ళక్క చపాతీ పిండి మీద తన కోపమంతా తీర్చుకుంటూ అంది. "పద్నాలుగు నెలలు నోరు మూసుకున్నదాన్ని, తెరిచి తెరిచి ఒక చిరిగిన పుస్తకానికా హారతులు పట్టాను? ఏం గుండెధైర్యం, ఏం ముగింపు అన్నాను. అది రాసినావిడ ధైర్యం కాదు, ఊడిన దారం! ఇక నేను ఆ కుర్చీ ఎక్కను."

తోడికోడలు పుస్తకం తీసుకుని మెల్లగా తన గదిలోకి వెళ్ళింది.

గురువారం మధ్యాహ్నం పళ్ళక్క కింది దవడకి పళ్ళు అమరుస్తూండగా ల్యాబు తలుపు దగ్గర టీచరమ్మ కనబడింది. ఆవిడ అక్కడికి రావడం అదే మొదలు. గోడలంతా వరసగా పెట్టిన తెల్లటి దవడలను చూసి ఒక్కక్షణం ఆగింది.

"వీళ్ళందరూ నన్ను చూసి నవ్వుతున్నట్టుందే."

"మీరు కూర్చోండి టీచరుగారూ. ఆ స్టూలు మీద మైనం ఉంది, ఈ స్టూలు మీద."

టీచరమ్మ కూర్చుని సంచీలోంచి తన 'ఉప్పు చందమామ' తీసింది. ఆఖరి పేజీలన్నీ కలిపి రెండు బట్టల క్లిప్పులు బిగించి ఉన్నాయి.

"చూడమ్మాయ్, ముప్ఫైనాలుగేళ్ళు ఫిజిక్సు చెప్పాను. ఏ కథ చదివినా ముందు తప్పెక్కడుందా అని వెతుకుతాను. ఈ పుస్తకంలో కూడా మొదటి చప్పుడు వినగానే గాలి లేనిచోట చప్పుడేమిటి, నేలగుండా రావాలి కదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. చివర్లో లెక్క సరిపోయిందా లేదా చూసుకుని, సరిపోయింది, మార్కులు వేశాను, మూసేశాను. భయపడలేదు. మొన్న నువ్వు మాట్లాడాక ఇంటికెళ్ళి మళ్ళీ మొదటినుంచీ చదివాను. నీ పేజీ దగ్గర ఆగి ఈ క్లిప్పులు పెట్టాను. నమ్ముతావా, నిన్న సాయంత్రం మా ఇంటి తలుపు ఎవరో కొడితే నా గుండె గుభేలుమంది. పాలవాడు!"

పళ్ళక్కకి నవ్వొచ్చింది, ఆపుకుంది.

"నేనొక్కదాన్నే కాదు. ఫోన్ చేసి అందరికీ అదే పని చెప్పాను. అందరూ రెండువందల నలభై దగ్గర ఆగి కూర్చున్నారు. డ్రైవరు కుర్రాడు డ్యూటీలో స్టాపుకి స్టాపుకి మధ్య ఆలోచిస్తున్నాడట. ఈ ఆదివారం మళ్ళీ కూడదామనుకున్నాం, నువ్వు రాకపోతే లేదు."

"ఎందుకండీ, మీకు ఆఖరు తెలుసు కదా."

"తెలుసు. తెలిసి బాగుపడిందేమీ లేదని నువ్వు మాట్లాడాకే అర్థమైంది. నీ పుస్తకం చిరిగిందేమో, నువ్వు చదివింది మాత్రం చిరగలేదు."

పళ్ళక్క చేతిలోని పన్నుని మైనంలో గుచ్చింది. అటూ ఇటూ సర్దింది. "వస్తాను. కానీ ఆఖరి పేజీలు నేనే పైకి చదువుతాను. మీరెవరూ ముందే మొహాలు పెట్టకూడదు" అంది.

"మా మొహాలకి నేను పూచీ."

ఆదివారం మధ్యాహ్నం కళ్ళద్దాల షాపు ఒకటే సందడి. బాబాయి షట్టరు పూర్తిగా దించేసి లైట్లన్నీ వేశాడు. చదివే ముందు ఒక్కొక్కరూ తలుపు అవతల ఎవరుండాలని అనుకున్నారో చెప్పాలన్నది టీచరమ్మ ఆజ్ఞ.

డ్రైవరు తమ్ముడు ముందుగా కుర్చీ ఎక్కాడు. "అక్కా, నా లెక్కప్రకారం అవతల ఉన్నది ఇంకో గుడారంలో ఉన్న ఇంకో ఇంజినీరు. ఆయనకీ రోజూ ఎవరో తలుపు కొడుతున్నట్టు వినబడుతుంది. అది ఈవిడ! ఇద్దరూ ఎదురెదురు రూట్లలో తిరిగే బస్సుల్లాగా, ఎప్పుడూ కలవరు."

"అబ్బ!" అని తోడికోడలు గుండెమీద చెయ్యి వేసుకుంది. తన వంతు రాగానే, "నాకైతే ఆ ఉప్పే మనిషి. ఇన్నాళ్ళూ తనమీద నడుస్తున్నదెవరో చూద్దామని వచ్చింది. చుట్టం చూపుకి!" అంది. బాబాయి, ఇంజినీరమ్మ ఊళ్ళో వదిలొచ్చిన కుక్క అయ్యుంటుందని చెప్పి, ముక్కు చీదుకుంటూ దిగిపోయాడు. ఉపగ్రహం మీద కుక్కేమిటని అడిగే సాహసం టీచరమ్మ కూడా చేయలేదు.

పళ్ళక్క అందరికంటే చివర్న కుర్చీ ఎక్కి, టీచరమ్మ పుస్తకానికి పెట్టిన క్లిప్పులు తీసింది. చదవడం మొదలుపెట్టింది.

అంతరిక్షపు సూటు తొడుక్కున్న ఇంజినీరమ్మ గడియ తీసింది. తలుపు తెరిచింది. అవతల ఎవరూ లేరు.

పళ్ళక్క ఆగింది. నలుగురూ పైకప్పు వైపు చూస్తున్నారు, మొహాలు పెట్టకుండా ఉండాలని. మళ్ళీ చదివింది. ఎండ తగ్గి చలి పడగానే ఉప్పు పలక కుంచించుకుపోయి పగుళ్ళిస్తోంది. ఆ అదురు నేలగుండా వచ్చి ఇనుప తలుపు చట్రానికి తగులుతోంది. అంతే. ఇంజినీరమ్మ వరసగా కొలతలు తీసుకుంది. రేడియోలో కబురు పంపింది. అభినందనలు వచ్చాయి. పేజీలకు పేజీలు అదే. డ్రైవరు తమ్ముడు ఆవలింత మింగడం పళ్ళక్క కంటపడింది. మొదటిసారి చదివినప్పుడు వీళ్ళంతా ఇక్కడే పరుగెత్తి ఉంటారని అర్థమైంది. ఆవిడ పరుగెత్తలేదు. పన్నుపక్కన పన్ను పెట్టినట్టు, మాటపక్కన మాట పెట్టి చదివింది.

ఆఖరి పేజీ. ఇంజినీరమ్మ లోపలికొచ్చి తలుపేసుకుంది. చేతులు కడుక్కుంది. రెండు కప్పులూ కడిగింది. సూర్యుడు దిగిపోయాడు. తలుపు చప్పుడైంది, మూడుసార్లు. ఆమె తల తిప్పకుండానే, కప్పు తుడుస్తూ, 'వస్తున్నా, ఉండు' అంది.

పళ్ళక్క చప్పున ఆగిపోయింది. ఆ వాక్యం మీద వేలు పెట్టి, మళ్ళీ చదివింది. తల ఎత్తింది.

"ఇది... ఇది మీరందరూ చదివారా?"

"ఏది?" అన్నాడు డ్రైవరు.

"'వస్తున్నా, ఉండు' అంది. ఎవరూ లేరని తెలుసు. కొలిచి చూసింది, కబురు కూడా పంపింది. అయినా జవాబు చెప్పింది! మీరు దీన్నా అలా మూసేసి వచ్చారు?"

తోడికోడలు వచ్చి పుస్తకంలోకి తొంగిచూసింది. "ఇదెక్కడుంది? నేను చూడలేదే! ఉప్పు అని తెలిశాక నీరుగారిపోయి గబగబా తిప్పేశాను."

"నేనూ అంతే" అన్నాడు డ్రైవరు. "బస్సు ఆఖరి స్టాపులో జనం తోసుకుని దిగిపోయినట్టు."

"నేను లెక్క సరిచూస్తున్నాను" అంది టీచరమ్మ, బడిలో దొరికిపోయిన పిల్లలా.

పళ్ళక్క కుర్చీలోంచి లేచి నిలబడింది. ఈసారి గొంతు తడబడలేదు. "నేనూ అచ్చులతో మాట్లాడతాను. 'కాస్త ఓర్చుకో నాయనా, అయిపోవచ్చింది' అంటాను. ప్లాస్టరు వినదని నాకు తెలియదా? తెలుసు. ఇంజినీరమ్మకీ తెలుసు. అవతల ఎవరున్నారో తెలియకపోతే భయపడి జవాబు చెప్పడం సులువు. ఎవరూ లేరని తెలిసీ చెప్పిందే, అదీ విషయం! నేను మొన్న రాసినావిడ ధైర్యం గురించి చెప్పింది తక్కువ. చాలా తక్కువ!"

ఇక చూడాలి ఆ గదిని. డ్రైవరు తమ్ముడు ఇంజినీరమ్మది ధైర్యం కాదు, పిచ్చి పట్టడం మొదలైందని వాదించాడు. తోడికోడలు, "పిచ్చేంటి, నేను కుక్కరుతో మాట్లాడనా?" అని లేచింది. బాబాయి ఇద్దరిదీ నిజమేనని చెప్పి ఇద్దరిచేతా తిట్లు తిన్నాడు. టీచరమ్మ పెన్సిలు తీసి, ఆ చివరి వాక్యం పక్కన, తను జన్మలో ఏ నవలకీ పెట్టని టిక్కు పెట్టింది. టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు. "మళ్ళీ చదవండక్కా, ఆ పేజీ ఒక్కటీ" అని డ్రైవరు అడిగితే మూడుసార్లు చదివింది. మూడోసారి చదివేటప్పటికి అతను పిచ్చి అన్న మాట వెనక్కి తీసుకున్నాడు. సగమే తీసుకున్నాడు.

వచ్చే నెల నవల పళ్ళక్కే ఎంచాలని, ఏ పుస్తకమైనా ఆఖరి పేజీలు ఆవిడే పైకి చదవాలని తీర్మానమైంది. ఆవిడ వద్దనలేదు. ఊళ్ళన్నీ మేఘాల మీద కట్టుకున్న లోకం కథ ఒకటి చూసిపెట్టానని, ముందు పేజీలు లెక్కపెట్టి మరీ కొంటానని అంది.

తోడికోడళ్ళిద్దరూ సాయంకాలం ఎండలో నడుచుకుంటూ బయల్దేరారు. ఇంజినీరమ్మ పదకొండు నెలలు ముగించుకుని ఇంటికెళ్ళాక అక్కడ ఎవరైనా తలుపు కొడితే ఏం చేస్తుందన్నది వాదన. వెంటనే తీస్తుందని చిన్నావిడ. తీయదు, మూడోసారి కొట్టేదాకా ఆగుతుందని పెద్దావిడ. చేతులు ఊపుకుంటూ, ఒకరి మాటకి ఒకరు అడ్డుపడుతూ, ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుంటుంటే, ఇద్దరూ తమ వీధి మలుపు దాటి చాలా దూరం వెళ్ళిపోయారు.